రొట్టెలాయన మంచం మీద గొట్టాలాయన

ఈ సంగతిలో నేను కళ్లారా చూడని ముక్క నాకు చెప్పింది రొట్టెలాయన భార్య. ముందే ఎందుకు చెబుతున్నానంటే, రేపెవరైనా నిన్ను అడుగుతారు, ఆ వడ్రంగి ముసలాడు కల్పించి చెప్పాడేమోనని. ఇలా వచ్చి కూర్చో అమ్మాయ్. ఆ కుర్చీ కాదు, అది కొన్నది, నేను చేసింది కాదు, ఊగుతుంది. ఇదిగో, ఈ పీట మీద కూర్చో. ఆదివారం మన వీధి పిల్లల చదువుల గది వార్షికోత్సవంలో మీ తాత గురించి నాలుగు మాటలు మాట్లాడాలి, ఏమైనా చెప్పమని వచ్చావు. మంచిదే. మీ తాత బట్టల కొట్టాయన, ఆ గదికి అధ్యక్షుడిగా ఉన్నన్నాళ్లూ చొక్కా మడత నలగనివ్వలేదు, అది నిజం, రాసుకో. కానీ ఇరుగుపొరుగుకి ఇబ్బంది లేకుండా వీధిలో సభ పెట్టే పద్ధతి ఆయనే మొదలెట్టాడని ఆ గది గోడ మీద ఆయన ఫోటో కింద రాశారట. నాకు సంతకమూ, కొలతల అంకెలూ తప్ప ఏమీ రావు, మా కోడలు చదివి చెప్పింది. ఆ రాత తప్పు. నువ్వూ అదే చెబితే ఇక అదే నిజమైపోతుంది. ఆ పని చేసింది మా మేనమామ. మైకుసెట్టు అద్దెకిచ్చేవాడు, అందరూ గొట్టాలాయన అనేవాళ్లు. ఆయన పోయి ఎంతకాలమైందో, ఇప్పుడు అడిగేవాడెవడు. సొమ్మొకడిది సోకొకడిది.

మా మావయ్య సాధువని నేననను. మహా పొగరు. కిటికీ రెక్కలు అదరకపోతే అది మైకా, గుసగుసా అనేవాడు. ఆయన ఇంట్లో ఉప్పు అడిగినా పక్కింటివాళ్లు తెచ్చిచ్చేవాళ్లు, అంత గొంతు. ఒక ఏడాది ఇదే సభకి, తన పెద్ద మైకు గొట్టం తీసుకెళ్లి సరిగ్గా రొట్టెలాయన కిటికీకి ఎదురుగా కట్టాడు. ఆ మనిషి ఊరంతా నిద్రపోయే వేళకి లేచి పొయ్యి వెలిగించుకునేవాడు, అందుకని దీపాలు పెట్టే వేళకే పడుకోవాలి. ఆ రోజు కన్ను మూతపడలేదు. పొద్దున పొయ్యి దగ్గర తూలి చెయ్యి కాల్చుకున్నాడు. కుడిచెయ్యి, పిండి పిసికే చెయ్యి. కోపం రాదా మరి. పంచాయతీ ఆఫీసుకెళ్లి, ఇక ఆ వీధిలో సభకి అనుమతి ఇవ్వొద్దన్నాడు. వాళ్లేమో మరుసటేడు, ఆయన ఒప్పుకుంటేనే సభ, లేకపోతే లేదు, అని తేల్చేశారు. మీ తాత ఏమన్నాడో చెప్పనా. "ఒక్కడి నిద్ర కోసం ఊరంతా నోరు మూసుకోవాలా?" అన్నాడు. తర్వాత పోనీలే అని కొట్లోంచి ఒక చొక్కా గుడ్డ పంపాడు. రొట్టెలాయన తిప్పి పంపేశాడు. "ఇది చెవుల్లో కుక్కుకోమనా పంపింది?" అని అడిగాడట. బాధపడకు అమ్మాయ్, జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా.

సభ ఆగిపోతే పిల్లల పాటలు లేవు, పుస్తకాల కోసం పోగయ్యే చందాలూ లేవు, ఆ గదికి తాళమే. అప్పుడు మా మావయ్య లేచాడు. ఒక్కడే రొట్టెలాయన కొట్టుకి వెళ్లి, ఆ చేతి మచ్చ చూశాడు.  "నువ్వు పడుకునే గది ఒకసారి చూపిస్తావా బావా" అన్నాడు. వరసేమీ లేదు, బావా అనేశాడు. రొట్టెలాయన, వెళ్లి చూసుకో పో, ఇంట్లో ఆవిడుంది అన్నాడు. ఇక అక్కడ జరిగింది ఆవిడ మాటల్లోనే విను. "మీ మావయ్య వచ్చాడు, చెప్పులు విప్పాడు, మా ఆయన మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. నాకు నవ్వాలో అరవాలో తెలియలేదు. 'అమ్మా, నువ్వు కిటికీ దగ్గర నిలబడు, చెవిలో పడితే చెయ్యెత్తుతా, నువ్వూ బయటికి చెయ్యెత్తు, వాడు తగ్గిస్తాడు' అన్నాడు." ఆ వాడు ఎవరనుకున్నావు, నేనే. వీధిలో మైకు మిషన్ దగ్గర నన్ను నిలబెట్టి, ఆపకుండా మాట్లాడమన్నాడు. నాకేం తెలుసు మాట్లాడ్డానికి, నాకొచ్చిన చెక్కల పేర్లు, మేకుల సైజులు చదివాను. వీధంతా పోగై నవ్వారు. ఆవిడ చెయ్యెత్తడం, నేను తగ్గించడం. ఎంత తగ్గించినా ఒప్పడే. ఆఖరికి పెద్ద గొట్టం విప్పించి, చిన్న స్పీకరు పెట్టెలు, మనిషి ఎత్తున, కుర్చీల మధ్య అక్కడక్కడా పెట్టించాడు. స్టేజీ తిప్పించి, దాని వీపు వాళ్లింటి వైపుకి పెట్టించాడు. సభ చీకటిపడకముందే ముగించాలన్నాడు. మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఆవిడ చెయ్యెత్తలేదు. ఇంకా చదివాను. నా గొంతు ఎండిపోయింది, ఆవిడ కదలదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. సంగతేమిటంటే లోపల ఆయన గురక పెడుతున్నాడు. అంతలో రొట్టెలాయన ఇంటికొచ్చాడు. బయట మైకు మోగుతోంది, లోపల మైకాయన నిద్రపోతున్నాడు. ఇంకేం సాక్ష్యం కావాలి. "సభ పెట్టుకోండి, ముందు వీణ్ణి నా మంచం మీంచి లేపండి" అన్నాడు.

అప్పట్నుంచీ అదే పద్ధతి. సభ ఎక్కడైనా సరే, మైకు కట్టేవాడు ముందు దగ్గరింట్లో పడుకుని చూడాలి. ఆ ఇంట్లో పసిపిల్ల ఉంటే మావయ్య ఉయ్యాల పక్కన కింద పడుకునేవాడు. ఒకసారి పడుకోవడం మొదలెట్టాక ఆయన చూపు మిగతావాటి మీద పడింది. కాగితం గ్లాసులు కాలవకి అడ్డంపడి ఊరంతా కంపు కొడుతోందని, ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోండన్నాడు. మీ తాత, "అడుక్కునేవాళ్లలా గ్లాసు పట్టుకుని రావాలా" అన్నాడు, కానీ ఆయనే అందరికన్నా పెద్ద గ్లాసు తెచ్చాడు. మా ఆవిడ మా గ్లాసుకి ఎర్రదారం కట్టింది, అయినా అది గడియారాల కొట్టువాడింట్లో తేలింది. అడిగితే ఆ దారం కూడా తమదేనన్నాడు. వాడితో నేనిప్పటికీ మాట్లాడను.

ఇక కుట్టుపని అక్క. కాళ్లు లేవవు, మూడు చక్రాల బండిలో తిరిగేది. పిల్లలకి పాటలన్నీ నేర్పేది ఆవిడే, సభరోజున మాత్రం కింద మూల కూర్చునేది, స్టేజీకి మెట్లు కదా. బండి ఎక్కేలా మావయ్య నన్ను ఏటవాలు బల్ల కొట్టమన్నాడు. కొట్టాను. అక్క చూసి, "దీని మీంచి దిగితే నేరుగా ఆస్పత్రికే తమ్ముడూ" అంది. నా పనికి వంక పెట్టిన మనిషి ఆవిడొక్కతే, అది మర్చిపోలేదు. కానీ విప్పి మళ్లీ కొట్టాను, గోడ దాకా పొడుగ్గా. మీ తాత వచ్చి చూసి, అది ఆయన నడిచి రావడానికి వేశామనుకున్నాడు. దాని మీద ఎర్ర తివాచీ పరిపించి, మధ్యలో నిలబడి ఫోటో తీయించుకున్నాడు. గోడ మీదున్నది ఆ ఫోటోనే. వెనకే అక్క బండి వచ్చింది, తివాచీ ముడతలుపడి చక్రాలకి చుట్టుకుంది. ఎక్కలేదు, దిగలేదు. మావయ్య బండిని వెనక్కి లాగి చక్రాలు విడిపించి, కింది చివర పట్టుకుని తివాచీ చుట్టుకుంటూ వచ్చాడు, మీ తాత వెనక్కి వెనక్కి నడుస్తూ స్టేజీ ఎక్కేశాడు. జనం ఆయన వస్తున్నాడనుకుని చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలోనే అక్క పైకొచ్చి పాట ఎత్తుకుంది. పిల్లల మొహాలు చూడాలి నువ్వు.

ఏం నవ్వుతున్నావు. నవ్వు, ఫర్వాలేదు, మీ తాత కూడా తర్వాత్తర్వాత నవ్వేవాడు. చెడ్డవాడేం కాదు. కానీ ఆ పద్ధతి తనది కాదని ఆ ఫోటో కింద ఒక్క ముక్క రాయించలేదు. నేను చెబితే వడ్రంగి ముసలాడి కడుపుమంట అంటారు. మనవరాలివి, నీ నోటితో చెబితే ఎవరూ కాదనరు. ఆదివారం మైకు ముందు చెప్పు, ఇది మొదలెట్టింది గొట్టాలాయన, మైకుసెట్టు ఆయన, అని. ఆ ఫోటో కింద కూడా మార్పించు. ఆ బల్ల కొట్టినవాడి సంగతి చెప్పినా చెప్పకపోయినా నాకేం పట్టింపు లేదు. అంటే, చెప్పు. చెప్పకపోతే ఎలా.