చిటికెన వేలు

కాలేజీ నిషేధించి నలభై ఏళ్ళయినా అక్కడ అమ్మాయిల సంఘం ఒకటి గుట్టుగా నడుస్తూనే ఉంది. అందులో ఉన్నట్టు తేలితే కాలేజీ నుంచి పంపేస్తారు. డీన్ మేడమ్ ఆ అనుమానంతోనే ఒక విద్యార్థినిని తన గదికి పిలిపించింది.

"నువ్వు సంఘంలో ఉన్నావా?"

"లేదు మేడమ్."

"మరి శనివారం పదకొండు మంది ఒకే ఇంట్లో ఎందుకు చేరారు?"

"పాన్‌కేకులు వేసుకుందామని."

"అందరూ తెల్లగౌన్లలోనా?"

"పిండి పడినా కనబడదని, మేడమ్..."

మేడమ్ నవ్వు ఆపుకుంది. "సరే, వెళ్ళు" అని చెయ్యి చాపింది.

ఆ చెయ్యి అందుకుంటూ, అలవాటు కొద్దీ ఆ అమ్మాయి తన చిటికెన వేలు మడిచి నొక్కేసింది. అది సంఘం వాళ్ళ గుర్తు! గబుక్కున చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

మేడమ్ చెయ్యి వదల్లేదు.

"ఒక్కసారేనా? రెండుసార్లు నొక్కాలి తల్లీ. ఇంకోమాట, ఈసారి గౌన్ల మీద కోట్లు వేసుకెళ్ళండి. మేం అలాగే వెళ్ళేవాళ్ళం."