బొట్టు పెట్టిన డాలర్లు

ఆ పొద్దున మబ్బు బాగా కిందికి దిగింది. శంషాబాద్‌లో లేచిన విమానాలు చూస్తుండగానే అందులో మునిగిపోతున్నాయి. మంఖాల్ నుంచి వచ్చిన రైతు, అతని భార్య విమానాశ్రయం బయట బెంచీ మీద కూర్చున్నారు. సింగపూర్ పోయి, అక్కడ విహారయాత్ర ఓడెక్కాలి.

"డాలర్లు గిప్పుడే ఎందుకే? ఓడల అన్నీ కార్డు మీదనే ఇస్తరట," అన్నాడతను.

"కార్డు నీ జేబుల ఉంటది. ఓడ ఆగిన ఊర్లల్ల గాజులకు గూడ నిన్నే అడగాల్నా?"

"పెండ్లైనప్పటి సంది అడుగుతనే ఉన్నవు గద?"

"అందుకే నిన్న మార్చుకున్న. నా బర్రెపాల పైసలు."

"అబ్బో! జర సూపియ్యి... ఏందే ఇది? ప్రతి నోటుకు పసుపు, కుంకుమ!"

"కొత్తయి గద. ట్రాక్టరుకు పెట్టలేదా?"

"ట్రాక్టరిచ్చి గాజులు కొంటమా? మరక పడ్డ నోటు ఆడ తీసుకోరంట."

ఆమె కొంగుతో తుడిచింది. మరక ఇంకా పరుచుకుంది.

"అయితే ఇగ నిన్నే అడగాలె."

"పరేషాన్ గాకు. నేను గూడ మొన్ననే డాలర్లు మార్చిన. నిన్ను ఏడిపిద్దామని గట్లన్న. ఇగో, ఇవన్నీ నువ్వు పెట్టుకో. బొట్టువి నాకియ్యి."

"మరి నువ్వు చాయ తాగాల్నంటే?"

"నిన్నే అడుగుత. ఇయ్యవా?"

"చూస్త."

ఆమె సద్దిమూట విప్పింది. ఇద్దరూ జొన్నరొట్టె, పండుమిరప తొక్కు తిన్నారు.