రేపల్లె మేడ మీద లినక్స్ మాస్టారు

శ్యామలాంబ అమ్మగారికి, తెనాలి నుంచీ బాపట్ల నుంచీ బస్సులు మారి వచ్చిన పెద్దలకు, మా ఆదివారం క్లాసు వాళ్లందరికీ నమస్కారం. నా పేరు జయలక్ష్మి. ఈ రేపల్లెలోనే జిరాక్స్ షాపు నడుపుతాను. మైకు ముందు ఎప్పుడూ నిలబడలేదు, తప్పులు దొర్లితే క్షమించండి. మన వెంకటరాఘవయ్య మాస్టారు పోయి ఇవాళ్టికి పదిహేను రోజులు. ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆయన తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. రిటైరైనవాళ్లు గుళ్లకు వెళ్తారు, తీర్థయాత్రలకు వెళ్తారు. ఈయన? ప్రతి ఆదివారం పొద్దున్నే పాసింజరెక్కి ఇక్కడికి వచ్చి, మా షాపు మేడ మీద, కంప్యూటరంటే భయపడేవాళ్లను కూర్చోబెట్టి లినక్స్ నేర్పారు. ఎన్నేళ్లు? ఆరేళ్లు! లినక్స్ అంటే ఏంటండీ అని మొదటిరోజే అడిగాను. "కంప్యూటర్ని నడిపించేదమ్మా. ఊరికే ఇస్తారు. లోపల ఎలా చేశారో చూడొచ్చు, మార్చుకోవచ్చు, పక్కింటికీ పంచొచ్చు. ఆవకాయ జాడీతో పాటు కొలతలు కూడా చెప్పినట్టు" అన్నారు. మా ఇంట్లో ఆవకాయ కొలతలు మా అత్తగారు ఇప్పటికీ చెప్పలేదు. అందుకని వెంటనే చేరిపోయాను.

అయ్యలారా, అమ్మలారా! ఆయనతో ఒక్కటే ఇబ్బంది. నెమ్మదిగా నడిచే కంప్యూటర్ కనపడితే చాలు, ఆగలేరు. జేబులో పెన్‌డ్రైవ్ ఎప్పుడూ సిద్ధం. బాపట్లలో ఆయన తమ్ముడి కూతురు ప్రసూనకు ఒక గురువారం పెళ్లిచూపులు. ఒకటిన్నరకు రాహుకాలం, ఈలోపే బయల్దేరాలని మగపెళ్లివారు ముందే చెప్పారు. మాస్టారు ఏం చేశారు? కాఫీలు వచ్చేలోపు ప్రసూన ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించడం మొదలుపెట్టారు. పెళ్లికొడుకు విజయసారథి పక్కన చేరాడు. తండ్రి ఎంత పిలిచినా లేవడు. ఒకటిన్నర అయింది. ఇంక మూడింటి దాకా గడప దాటడానికి లేదు! అప్పటికప్పుడు పప్పు, వంకాయ కూర. తింటూ మాట్లాడుకున్నారు, మాట్లాడుకుంటూ కుదుర్చుకున్నారు. ఆ దంపతులు అదిగో, మూడో వరసలో ఉన్నారు. ల్యాప్‌టాప్ కూడా బాగానే నడుస్తోందట.

మరి మా తెలివి చెప్పొద్దూ? మొదటి నెలలో ఒకరోజు మాస్టారు నల్లటి తెర తెరిపించి, పాస్‌వర్డ్ కొట్టమని చెప్పి టీకి కిందికి వెళ్లారు. కొట్టాం. తెర మీద అక్షరం లేదు, చుక్క లేదు. రిటైర్డ్ కండక్టర్ పున్నయ్యగారు, సముద్రపు గాలికి కీబోర్డులు చెమ్మగిల్లాయని తేల్చారు. కండక్టరు మాట ఎవరు కాదంటారు? ఆరు కీబోర్డులూ పీకి, బయట డాబా మీద నా ఒడియాల పక్కన బోర్లించాం. మాస్టారు వచ్చి చూశారు. కోప్పడలేదు. "ఒడియాలు సాయంత్రం దాకా ఉంచండమ్మా, ఇవి మాత్రం లోపలికి తెండి" అన్నారు. తర్వాత చెప్పారు: "పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడదు. పక్కవాళ్లు చూడకుండా అలా పెట్టారు. కనపడకపోయినా లోపలికి వెళ్తుంది. కంగారుపడకుండా కొట్టి, ఎంటర్ నొక్కండి."

ఇప్పుడు అసలు సంగతి. మాస్టారు కొత్తవాళ్ల కోసం తెలుగులో పాఠాల పుస్తకం రాశారు. ఆరేళ్ల పని, ఆయన కంప్యూటర్లోనే ఉంది. ఇంకో కాపీ తీసి పెట్టుకోండని మమ్మల్ని వారం వారం పోరిన మనిషి, తాను తీసుకోలేదు. పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు! అన్నీ అందరికీ తెరిచి ఉండాలని ఊరూరా చెప్పి, తన తాళంచెవి మాత్రం తన వెంట పట్టుకుపోయారు. అమ్మగారు తన పేరు కొట్టి చూశారు. తెరుచుకోలేదు. "నలభై ఏళ్ల కాపురం, నా పేరైనా పెట్టుకోలేదు" అని ఆ ఏడుపులోనే నవ్వారు. బాగుచేసే అతన్ని పిలిస్తే, మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలన్నాడు.

అప్పుడు నాకు పన్నెండో పాఠం గుర్తొచ్చింది. పాస్‌వర్డ్ మరిచిపోతే, కంప్యూటర్ మొదలయ్యేటప్పుడే మరమ్మతు దారిలోకి వెళ్లి కొత్తది పెట్టుకోవడం. ఆ పాఠం నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ సగమే విన్నాను. మిగతా సగం పున్నయ్యగారి నోట్సులో ఉంది. ఇద్దరం కలిసి తెనాలి వెళ్లాం. ఏదైనా తప్పు చేసి ఆరేళ్ల పని పోగొడితే అమ్మగారికి మొహం ఎలా చూపించను? అక్కడా అంతే, కొత్త పాస్‌వర్డ్ కొడుతుంటే ఏమీ కనపడలేదు. కొట్టాను. ఎంటర్ నొక్కాను. మళ్లీ మొదలుపెట్టాం. తెరుచుకుంది.

పుస్తకం ఉంది. చివర మా అందరి గురించీ ఒక పేజీ ఉంది. "పున్నయ్య: పదిసార్లు అడుగుతాడు. పదకొండోసారీ చెప్పాలి. జయలక్ష్మి: మౌస్‌ను గాల్లోకి ఎత్తేస్తుంది. నవ్వకూడదు." నవ్వలేదండీ ఆయన. ఆరేళ్లలో ఒక్కసారి కూడా నవ్వలేదు. అది చదివి నేను ఏడ్చాను.

వచ్చే ఆదివారం మేడ మీద క్లాసు ఉంది. నేను చెబుతాను. నాకు వచ్చింది తక్కువే, రానిది పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఎవరైనా పట్టుకెళ్లొచ్చు, మార్చుకోవచ్చు, పంచొచ్చు. పెన్‌డ్రైవ్ తెచ్చుకోండి.

ఇప్పుడు ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. అమ్మగారూ, మీకు మోకాళ్ల నొప్పులు, మీరు కూర్చోండి. మిగతావాళ్లు సెల్‌ఫోన్లు కట్టేయండి. ఈ నిమిషంలో ఏమీ కనపడదు, ఏమీ వినపడదు. కంగారుపడకండి. లోపలికి వెళ్తుంది. లేవండి.