బోర్డు మీద ఎవరి పేరు

అగ్నిపర్వత దీవుల చుట్టూ తిరిగే ఓడలో, ఆ రోజు కనబడిన పక్షులను, పక్కనే చూసినవాళ్ళ పేర్లను బోర్డు మీద రాసే గైడు ముందు పంతులమ్మ నిలబడింది. పుస్తకం చూడకుండా గుర్తులు చెబితేనే అతను రాస్తాడు.

"చెప్పండి టీచర్‌గారూ."

"నల్లటి ఒళ్ళు, తెల్లటి నడుము. కాళ్ళు నీళ్ళకి ఆనిస్తూ ఎగిరింది. తోకలో చీలిక లేదు."

"చీలిక ఉన్నది వేరే పిట్ట. దాన్ని చూసి చాలామంది పొరబడతారు."

"మా ఆయన రెండుసార్లు పొరబడ్డారు. దీనికోసమే మూడుసార్లు వచ్చినా కనబడలేదు, పాపం."

"ఈసారి రాలేదేం?"

"కిందటేడు పోయారు."

గైడు సుద్దముక్క తీసుకున్నాడు.

"అయితే ఆయన పేరే రాస్తానమ్మా."

"వద్దు బాబూ. ముప్ఫై ఏళ్ళలో రానివాళ్ళకి ఒక్కనాడూ హాజరు వెయ్యలేదు. చూసింది నేను. నా పేరే పెద్దగా రాయండి. ఎక్కడున్నా ఆయన కుళ్ళుకోవాలి."