పుచ్చులేని వంకాయలు

మిర్యాలగూడలో ఎరువుల దుకాణం సావుకారి ఇంటి ముందు, తండా నుంచి వచ్చిన కూరగాయలామె గంపలోని వంకాయలను సావుకారి భార్య ఒక్కొక్కటే తిప్పి చూస్తోంది. సావుకారి లోపల అన్నం తింటున్నాడు.

“ఒక్క పుచ్చన్న లేదేందే? మందు కొట్టినవా?”

“కొట్టినం. మీ దుకాణం మందే.”

“మా ఇంటికి మందు కొట్టనియే తెమ్మని చెప్పిన గద!”

“వరికి యూరియా అడిగితే, మందు డబ్బా గూడ కొంటేనే ఇస్తనన్నడు సావుకారి. కొన్నంక పారబోస్తమా? మా ఆయన వంగతోటకు గూడ కొట్టిండు.”

“ఛీ! కడుపుతోని ఉన్న నా బిడ్డకు ఇయి పెట్టాల్నా?”

“ఊరోళ్ల బిడ్డలు తింటలేరా? నీ బిడ్డదొక్కటేనా కడుపు?”

“నోరు బాగ లేస్తున్నదే! రేపటి నుంచి ఇంకొకామె దగ్గర కొంట.”

“కొనుక్కో తల్లీ. ఆమె గూడ యూరియాకు మీ దుకాణానికే వస్తది.”

సావుకారి భార్య చేతిలోని కాయను గంపలో పడేసింది.

“మరి ఏం జేయమంటవే?”

కూరగాయలామె పొద్దున్నే బస్సెక్కింది ఈ మాట కోసమే.

“నన్నెందుకు అడుగుతవ్? లోపలున్నాయనను అడుగు, డబ్బా అంటగట్టకుండ ఉత్త యూరియా ఇస్తడా అని. ఇస్తే నా తోటకు మల్ల బూడిదె చల్లుకుంట.”

“ఇగో, వింటున్నరా?”

సావుకారి చెయ్యి కడుక్కున్నాడు. చెప్పులేసుకుని, ఇద్దరి మధ్య నుంచే దుకాణానికి వెళ్లిపోయాడు.