బస్తాలు పరుగెత్తవు

నడిసరస్సులో డ్రమ్ములమీద తేలే సినిమా రాజమహల్ అంచున, వడ్రంగి మేస్త్రీని సెట్టు కాంట్రాక్టరైన అతని బావ కసురుతున్నాడు.

"నలభైమంది డాన్సర్ల బరువుకి ఇసుక బస్తాలు పేర్చి చూశాంగా! చెక్కు చెదిరిందా?"

"బస్తాలు పెట్టినచోటే పడుంటాయి బావా. పాటలో హీరో పడవ కనబడగానే నలభైమందీ ఈ అంచుకే పరుగెత్తుతారు. మహల్ ఒరిగిపోతుంది."

"శుభమా అని షూటింగు మొదలెడుతుంటే అవేం మాటల్రా? నీ కూతురూ ఆ గుంపులోనే ఉందిగా?"

"లేదు. జ్వరమని చెప్పించి మానిపించాను."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున్న."

బావ తేరిపార చూశాడు. "మిగతావాళ్ళు ఇవాళ గుర్తొచ్చారా?"

డాన్సర్ల పడవ నవ్వులతో దగ్గరికొస్తోంది. మేస్త్రీ వంగి, వాళ్ళెక్కాల్సిన నిచ్చెన పట్టుకుని పైకి లాగసాగాడు.

"ఏంట్రా చేస్తున్నావ్?"

"నిన్న చెయ్యాల్సింది బావా. నువ్వూ ఓ చెయ్యెయ్యి."