తెర ఆర్పి చూడు

వెల్లింగ్టన్‌లో, క్యూబా వీధి మేడ మీద చిన్న ఆఫీసు. కంప్యూటర్లని నడిపే కొరోమికో లినక్స్ సాఫ్ట్‌వేర్ కొత్త విడుదల బాధ్యత మోస్తున్న ఫిలిప్పా ముందు రెవీ చేతికర్రతో నిలబడ్డాడు. అందులో తెర మీది మాటల్ని చూపులేనివాళ్లకి చదివి వినిపించే ప్యాకేజీ అతనిది. అతనికీ చూపు లేదు.

"కూర్చో రెవీ. ముందు కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. నా అప్‌డేట్ ఎందుకు తోసేశావు?"

"ఫ్రీజ్ పడింది కదా! విడుదలకి ముందు తలుపు మూశాక కొత్త సరుకు లోపలికి రాదు. ఆ రూలు పెట్టినవాళ్లలో నువ్వూ ఉన్నావు."

"కొత్త సరుకు కాదు తల్లీ. ఒక్క లైను. విరిగినదాన్ని అతికే ఒక్క లైను."

"అందరూ ఒక్క లైనే అంటారు. పోయినసారి ఆ ఒక్క లైనే సగం మిషన్లలో వైఫై మింగేసింది. తిట్లు తిన్నది నేను."

"మరి కొత్త వాల్‌పేపరు ఎలా దూరింది?"

"అది... అది వేరు."

"ఏం వేరు?"

"బొమ్మ రెవీ అది. దానివల్ల ఏదీ పాడవదు. అందరూ అడిగారు."

"అందరూనా! నేను చూడలేని బొమ్మకి తలుపు తీశావు. నేను వినాల్సిన గొంతుకి గడియ పెట్టావు. శభాష్!"

"అరవకు. పక్కగదిలో వింటారు."

"విననీ."

"వచ్చే విడుదలలో మొదట నీదే పెడతాను. ఒట్టు."

"అప్‌డేట్‌తో పాటు ఎందుకో నేను రాసింది చదివావా?"

"చూశాను."

"చూశావా, చదివావా?"

"వందలొచ్చాయి రెవీ! తేదీ చూసి, ఫ్రీజ్ దాటిందని కొట్టేశాను. నేనూ మనిషినే."

"సరే. ఆ పరీక్షల లాప్‌టాప్ తియ్యి. కొత్త విడుదల ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి ఇన్‌స్టాల్ మొదలెట్టు. తెర ఆర్పెయ్యి. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకో."

"ఇప్పుడా? నాకవతల పని—"

"ఇప్పుడే."

"మొండిఘటం! ఇదిగో, ఆర్పాను. ఆ... మాట్లాడుతోంది. భాష ఎంచుకోమంటోంది. ఎంటర్ కొట్టా. రెవీ..."

"ఏం?"

"గొంతు ఆగిపోయింది."

"మరి ఏం చేస్తావు?"

"ఏమో. ఇంకోసారి ఎంటర్... ఉహూ. ఇంకోసారి. అబ్బ, చిరాకు! తెర వెలిగిస్తున్నా."

"వెలిగించు. నీకా భాగ్యం ఉంది. ఏముందక్కడ?"

"ఆగు... డిస్కులో ఉన్నదంతా తుడిచేస్తోంది! ఓరి దేవుడా, నన్ను అడగనేలేదు!"

"అడిగింది. నీకు వినపడలేదంతే."

"పంపు. ఆ లైను ఇప్పుడే పంపు. విడుదల ఆపేస్తున్నాను. ఎవరేమన్నా నేనే పడతాను. అయినా నీకు బుద్ధుందా రెవీ? ఈ ముక్క వచ్చీరాగానే చెప్పొచ్చుగా! ఎవరో పాపం తెలీక నొక్కేసి ఉంటే—"

"నొక్కేశారు ఫిలిప్పా. మీ కొత్త విడుదల పరీక్షించి పెడదామని, పోయిన ఆదివారం, మా ఇంట్లో, నా సొంత మిషన్ మీద, నేనే. మా అమ్మమ్మ పాడిన పాటలన్నీ అందులోనే ఉండేవి."